మున్నూరు మంది సద్ది

పులివెందుల,
2025 మార్చి 19.

ఖమర్‌బీ పెద్దమ్మకు,

ప్రసూన నమస్కరించి రాసేది. ఉపవాసాల్లో ఉంటావు, ఎండలు ముదిరాయి, జాగ్రత్త. నిన్న ఫోన్ చేస్తే నీ మనవరాలు ఆస్మా ఎత్తింది. "దాదీకి చెవులు బొత్తిగా వినపడవక్కా. ఏమన్నా ఉంటే ఉత్తరం రాయి. నాలుగుసార్లు సదువుకుంటాది" అంది. అందుకే రాస్తున్నాను.

ఇంటర్ చదువుతూ మీ ముందుగదిలో బాడుగకున్న ఆ రెండేళ్లూ నన్ను నిలబెట్టింది నీ చేతి అన్నం. నువ్వూ రహీం పెదనాన్నా వెయ్యి మంది పెళ్లికి వండి ఇంటికొచ్చి, అలసట లేనట్టు మళ్లీ నాకోసం రొట్టె కాల్చిన రోజులున్నాయి. ఇన్నేళ్లలో అంత పనిమంతురాలిని ఇంకొకరిని చూడలేదు.

లింగాల దగ్గర మా అత్తగారి ఊరు నీకు తెలుసు కదా. కొండ కింద మా గొర్రెలు నీళ్లు తాగే కుంట పూడిపోయింది. పోయిన ఏడు మా అత్త సుంకులమ్మ కళ్లముందే పదకొండు జీవాలు దప్పికతో పడిపోయాయి. చుట్టూ బండలు, జేసీబీ కుంటలోకి దిగలేదు. అందుకే మే నెలలో మూడు రోజులు, ఐదు ఊళ్ల వాళ్లం కలిసి పారలతోనే పూడిక తీయాలని నిర్ణయించాం. రోజుకు మూడు వందల మంది.

వాళ్ల మధ్యాహ్నపు సద్ది బాధ్యత నా మీద పడింది. అక్కడ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. కొండంతా ఎండుగడ్డి, ఒక్క నిప్పురవ్వ పడినా జీవాల మేతంతా కాలిపోతుంది. ఆరు కిలోమీటర్లు ఇవతల ఊళ్లో వండి ట్రాక్టర్లో తీసుకుపోవాలి. నలభై మూడు డిగ్రీల ఎండలో, తెల్లవారుజామున వండింది మధ్యాహ్నం దాకా చెడిపోకూడదు. పులివెందులలో ఇద్దరు వంట మాస్టర్లను అడిగాను. ఇద్దరూ "అయ్యే పని గాదు మేడం" అన్నారు.

నువ్వు వస్తే అవుతుంది. వస్తావా పెద్దమ్మా?

నీ
ప్రసూన


ప్రొద్దుటూరు,
మార్చి 27.

పాపా ప్రసూనా,

దువా. నీ ఉత్తరం చేరింది. నువ్వు బడిలో పాఠాలు చెబుతున్నావని విని సంతోషించాను. నేను రాను. వంట మానేసి తొమ్మిదేళ్లయింది. ఎందుకని అడగొద్దు. వేరే ఎవరినైనా చూసుకో.

ఖమర్‌బీ

పైన రాసింది నిన్న. కవరు అంటించి, పొద్దున మళ్లీ చింపాను. ఆ మాస్టర్లు అయ్యే పని కాదన్నారంటే వాళ్లకు పెద్ద గంగాళాల్లో వండటం తప్ప తెలియదన్న మాట. పెద్ద గంగాళంలో నడుమ ఉన్న అన్నం సాయంత్రం దాకా చల్లారదు. పైన చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, లోపల కుంపటిలాగా కాగుతుంటుంది. చెడటం అక్కడే మొదలవుతుంది. వెడల్పాటి బేసిన్లు ముప్పై దొరుకుతాయా, కనుక్కో. ఇంతే. ఇంకేమీ అడగొద్దు.


పులివెందుల,
ఏప్రిల్ 5.

పెద్దమ్మా,

బేసిన్లు నలభై దొరికాయి! ఐదు ఊళ్లు తిరిగి ఇంటికొకటి అడిగాను. ఒక్కో దాని మీద ఒక్కో పేరు. పెళ్లిళ్లలో చదివించినవి కొన్ని, పురుళ్లకు పుట్టింటివాళ్లు పెట్టినవి కొన్ని.

అడగొద్దన్నా అడుగుతున్నాను, తిట్టుకో. ఏం వండాలి? మా అత్త సంగటి అంటుంది. మా ఆయన జగదీశ్ ట్రాక్టర్ తోలేది తనే కాబట్టి తనకూ హక్కుందని చిత్రాన్నం చాలంటాడు. నాకు వాళ్లిద్దరి మాట మీదా నమ్మకం కలగలేదు. మొన్న ప్రయత్నంగా చిత్రాన్నం చేసి, డబ్బాలో పెట్టి, మిద్దె మీద ఎండలో ఉంచాను. ఒంటిగంటకు మూత తీస్తే కుక్క కూడా వాసన చూసి పక్కకు పోయింది.

వచ్చి దగ్గరుండి చేయించకపోయినా సరే, నీ ఉత్తరాలు ఉంటే చాలు. ఒక్కో మాటా నా నోటుబుక్కులో ఎత్తి రాసుకుంటాను. నీ అంత పని నాకు రాదు, కానీ చెప్పింది చెప్పినట్టు చేయడం వచ్చు. అది నువ్వు నేర్పిందే.

నీ
ప్రసూన


ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 13.

పాపా,

చిత్రాన్నంలో ఉల్లిగడ్డ వేసి ఉంటావు. అవునా? ఎండలో నిలవ ఉండాల్సిన దేంట్లోనూ ఉల్లిగడ్డ, పచ్చికొబ్బరి, కొత్తిమీర వేయకూడదు. వేడి అన్నానికి మూత పెట్టావు, ఆవిరి చెమటై మళ్లీ అన్నంలోనే పడింది. మొదటిసారి కదా, పోనీ.

సంగటి వేడిగా తినాల్సిన పదార్థం. దాన్ని కొండకు మోసుకుపోయి అవమానించొద్దు.

మొదటి రోజూ మూడో రోజూ పులిహోర. చింతపండు గుజ్జు నాలుగు రోజుల ముందే ఉడికించి పెట్టుకోవచ్చు. నూనె పైకి తేలేదాకా ఉడకాలి, తొందరపడితే బూజు పడుతుంది. తెల్లవారుజామున అన్నం వార్చి, ఉతికిన తెల్ల పంచెల మీద పలుచగా పరిచి, విసనకర్రతో విసరాలి. అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి. అప్పుడే గుజ్జు కలుపు. బేసిన్ల మీద మూత వద్దు, పలుచటి గుడ్డ కట్టు.

రెండో రోజు పెరుగన్నం. పెరుగుతో కలపొద్దు. కాచి చల్లార్చిన పాలతో కలిపి, గిన్నెకు రెండు గరిటెల పెరుగు తోడు వేయి. ట్రాక్టర్ కదిలేటప్పుడు పాలన్నం, మనుషులు కూర్చునేటప్పటికి కమ్మటి పెరుగన్నం. ఎండ నీకు పగ కాదు, అక్కడ అదే నీకు పని చేసిపెడుతుంది.

వీటితో పాటు జొన్నరొట్టెలు. తడి లేకుండా కరకరలాడేదాకా కాల్చినవి. పన్నెండు వందలు కావాలి. చెనిక్కాయల పొడి పది డబ్బాలు. ఇవి ఒక పూట మూడు వందల మందికి సరిపడాలి. మొదటి రోజే వీటిని వేరే బండిలో పైకి చేర్చి బండ కింద దాచు. అన్నంతో కలిపి ఒకే బండిలో మాత్రం పంపొద్దు.

ఇక ఒక సంగతి. ఐదు ఊళ్ల బేసిన్ల గురించి రాశావు, కుక్క గురించి కూడా రాశావు. వంట నేను చెబుతున్నానంటే ఊళ్లో ఏమన్నారో మాత్రం రాయలేదు. నా పేరు చెప్పావా లేదా?

ఖమర్‌బీ


పులివెందుల,
ఏప్రిల్ 20.

పెద్దమ్మా,

నీ దగ్గర ఏదీ దాగదు.

చెప్పాను. మొదటి సమావేశంలోనే చెప్పాను. మా మామగారి అన్న పుల్లన్న మా అందరికీ పెద్ద. ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "ఏంది పాపా, ప్రొద్దుటూరు ఖమర్‌బీనా? జమ్మలమడుగు పెండ్లిలో కూడు తిని జనం ఆసుపత్రిలో పడింది ఆయమ్మ వంటకే గదా! మన మున్నూరు మంది పానాలు ఆయమ్మ చేతుల్లో బెడతావా?" అన్నాడు.

అందరికీ ఆ కథ తెలుసు. నాకూ తెలుసు పెద్దమ్మా. మొదటి ఉత్తరం రాసే ముందు నుంచీ తెలుసు. ఐసుగడ్డల నీళ్లే కారణమని విన్నాను. నీ తప్పు ఉండదని నా నమ్మకం. అదే ఆయనతో అన్నాను. "నమ్మకంతో కడుపునొప్పి తగ్గుతాదా?" అన్నాడు. మళ్లీ సమావేశం మే మూడున.

నిన్ను బాధ పెట్టకూడదని రాయలేదు. క్షమించు.

ప్రసూన


ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 27.

పాపా ప్రసూనా,

ఐసుగడ్డల నీళ్లు కాదు. తప్పు నాది.

రెండువేల పదహారు మే నెల. జమ్మలమడుగు దగ్గర మామిడితోటలో పెళ్లి, తొమ్మిది వందల మంది. ఎండకు పొయ్యిల దగ్గర మనుషులు నిలవలేకపోతున్నారని, మాంసం కూర ముందు రోజు సాయంత్రమే వండించి గంగాళాలకు మూతలు పెట్టించాను. మరునాడు వేడి చేస్తే చాలనుకున్నాను. అది ఒక తప్పు. తెలియక చేశానని చెప్పుకోవచ్చు.

రెండో తప్పు తెలిసే చేశాను. మధ్యాహ్నం మూడో గంగాళం మూత తీసినప్పుడు వాసన తేడాగా వచ్చింది. ముప్పై ఏళ్ల ముక్కు నాది, పొరబడదు. అప్పటికే బంతి కూర్చుంది. పెళ్లికొడుకు తండ్రి వచ్చి "ఏమ్మా, ఇంకా ఎంతసేపు?" అన్నాడు. ఆ కూర పారబోస్తే మూడు వందల మందికి పెట్టడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. పిడికెడు మసాలా, నాలుగు నిమ్మకాయల రసం వేసి కలిపి పంపించాను.

సాయంత్రానికి అరవై రెండు మంది ఆసుపత్రిలో చేరారు. ఒక ముసలామె పదకొండు రోజులుంది. అందరూ ఇంటికి తిరిగొచ్చారు. అది అల్లా దయ, నా మంచితనం కాదు.

రహీం అందరి ముందూ నిలబడి "కూర సూసుకుండేది నేనే, తప్పు నాదే" అన్నాడు. నన్ను కాపాడాలని అన్నాడు. మూత తీసినప్పుడు నాకు తెలిసిన సంగతి ఆయనకు తెలియదు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు నీకు చెప్పాను. ఇంతవరకు తెలిసింది నీకే.

పన్నెండు వందల రొట్టెలు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా? పారబోయడానికి ధైర్యం ఒక్కటే చాలదు పాపా. పారబోసిన తర్వాత పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఎంత మంచి మనిషైనా మూత మళ్లీ పెట్టేస్తుంది.

ఈ ఉత్తరం సమావేశంలో అందరి ముందూ చదువు. ఒక్క వాక్యం కూడా వదలొద్దు. చదివాక నా మాట వద్దంటే, ఆ పెద్దాయన చెప్పినట్టు చేయండి.

ఖమర్‌బీ


లింగాల,
మే 4.

పెద్దమ్మా,

చదివాను. రహీం పెదనాన్న దగ్గరికి వచ్చేసరికి కాగితం దించేశాను. మా అత్త "నిదానంగా సదువు, అందరం ఈడనే ఉండాం" అంది. మొత్తం చదివాను. ఒక్క వాక్యం వదల్లేదు.

పుల్లన్న పెదమామ తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "పదేండ్ల కిందట రోగమొచ్చిన పొట్టేలును సంతలో అమ్మినా నేను. కొన్నోడు ఏ ఊరోడో గూడా తెలీదు. వాని మందలో ఎన్ని సచ్చినాయో తెలీదు. ఇంతవరకు ఎవురికీ చెప్పల్యా. ఆయమ్మ ఆడమనిషి, కాగితం మింద రాసి అందరికీ సదవమంది."

నా వైపు చూశాడు. "రొట్టెలు ఎన్నన్న్యాది? పన్నెండు నూర్లా? మన ఊర్లోనే అరవై ఇండ్లు ఉండాం. ఇంటికి ఇరవై. రేపట్నుంచి కాల్చండి."

అంతే. ఎవరూ ఎదురు చెప్పలేదు. మా అత్త మాత్రం ఇంటికొచ్చాక గొణిగింది, ఇంత ఎండలో పొయ్యి ముందర ఇరవై రొట్టెలా అని. ముప్పై కాల్చింది.

పెద్దమ్మా, నీ తప్పు ఉండదని నీకు రాశాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అప్పటికంటే ఇప్పుడు నువ్వంటే నాకు గౌరవం ఎక్కువ. ఎందుకో సరిగ్గా చెప్పలేను.

పద్నాలుగు, పదిహేను, పదహారు. మూడు రోజులు. వస్తావా?

ప్రసూన


ప్రొద్దుటూరు,
మే 9.

పాపా,

రాను. వస్తే అందరూ నా ముఖం చూస్తారు. వాళ్లు చూడాల్సింది కుంటను.

మజ్జిగలో ఉప్పు నీకు ఎక్కువనిపించేటంత వేయి. వాళ్లకు చెమట పోతుంది. మట్టి కుండలకు తడి గోనెపట్టాలు చుట్టు. అనుమానం వస్తే రుచి చూడొద్దు, పారబొయ్యి.

ఆ పెద్దాయనకు నా సలాం చెప్పు.

ఖమర్‌బీ


పులివెందుల,
మే 19.

పెద్దమ్మా,

చేతులు బొబ్బలెక్కి రాత వంకరగా వస్తోంది, సర్దుకుని చదువు. మొత్తం చెప్పాలి నీకు.

మొదటి రోజు మూడు వందల నలభై మంది వచ్చారు. పులిహోర అందరికీ సరిపోయింది. దువ్వూరు నుంచి వచ్చిన మా బంధువొకాయన రెండోసారి పెట్టించుకుని "ఇది పొద్దున వండిందా, ఇప్పుడు వండిందా?" అని అడిగాడు. నలభై బేసిన్లలో ఒక్కటి కూడా తేడా రాలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఒక్క రోజే ఉంది.

రెండో రోజు పాలు ఆలస్యంగా వచ్చాయి. ట్రాక్టర్ తొమ్మిదికి కదిలింది. సగం దారిలో ట్రాలీ టైరు పగిలింది. అక్కడ ఫోను పలకదు. జగదీశ్ ఇంకో టైరు కోసం ఊరికి నడిచిపోయాడు. నేను బేసిన్ల దగ్గర కూర్చున్నాను. నా దగ్గరున్న రెండు బిందెల నీళ్లూ బేసిన్ల గుడ్డల మీద చల్లాను, అవి పది నిమిషాల్లో ఎండిపోయాయి. పదకొండు. పన్నెండు. బేసిన్ల అంచులు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి. మేం కుంట దగ్గరికి చేరేసరికి రెండున్నర.

పొద్దున ఆరింటి నుంచి మట్టి తవ్వి మోసిన జనం. పొద్దున్నే పైకి పంపిన మజ్జిగ తాగి కూర్చున్నారు. బేసిన్లు దించుతుంటే కొందరు లేచి చేతులు కడుక్కున్నారు. నేను మొదటి గుడ్డ విప్పాను. నురగ కట్టి ఉంది. గరిటె పెట్టి ఎత్తితే తీగ సాగింది.

రెండోది విప్పాను. అదీ అంతే. మూడోది కొంచెం బాగున్నట్టుంది. నిజం చెబుతున్నాను పెద్దమ్మా, మూడోది విప్పినప్పుడు నా చెయ్యి గుడ్డను మళ్లీ కప్పబోయింది. పైపైన తీసి పెడితే ఏమవుతుందిలే అనిపించింది. మూడు వందల మంది నా చేతినే చూస్తున్నారు. ఆ మామిడితోటలో నువ్వు నిలబడిన చోటు ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"ఇది తినేది గాదు. పారబోస్తాండా" అన్నాను.

గొడవైంది. "పులిసింటే ఏమవుతాది? మేమేమన్నా జమీందార్లమా!" అని ఒకడు. "అరవై ఇండ్ల బియ్యం గదమ్మా అది!" అని ఇంకొకామె ఏడ్చినంత పని చేసింది. జగదీశ్ కూడా నా పక్కకొచ్చి "కొన్నన్నా బాగుంటాయేమో సూడరాదా?" అన్నాడు మెల్లగా. అనుమానం వస్తే రుచి చూడొద్దని రాశావు కదా. నేను చూడలేదు. ఒక్కో బేసిను ఎత్తి, తవ్విపోసిన గుంతలో కుమ్మరించాను. నాలుగు నేనే ఎత్తాను. ఐదోది మా అత్త ఎత్తింది. తర్వాత జగదీశ్. నలభై అయ్యాక పైన మట్టి కప్పాం, జీవాలు ముట్టకుండా.

అప్పుడు బండ కింది గోనెసంచులు విప్పాం. రొట్టెలు, చెనిక్కాయల పొడి. జనం ఇంకా కోపంగానే ఉన్నారు, ఎవరూ ముందుకు రాలేదు. పుల్లన్న పెదమామ వచ్చి నేల మీద చతికిలబడి చెయ్యి చాపాడు. రెండు రొట్టెలు, పొడి పెట్టాను. పటపటా విరిచి నమిలాడు. ఇంత మజ్జిగ తాగాడు. వెనక్కి తిరిగి అరిచాడు: "ఏం సూస్తాండారు? ఆయమ్మ ప్రొద్దుటూర్లో కూసోని, ఈ పొద్దు మన బండి నిలిచిపోతాదని తెలిసి పెట్టించిన సద్ది ఇది. తినండి!"

తిన్నారు పెద్దమ్మా. ఒక్క రొట్టె మిగల్లేదు. ఒక్కరికి కడుపు నొప్పి రాలేదు. సాయంత్రం దాకా పని చేశారు.

మూడో రోజు వస్తారో రారోనని భయపడ్డాను. నాలుగు వందల మంది వచ్చారు. సాయంత్రానికి కుంట రెండు నిలువుల లోతైంది, అడుగున పార వేస్తే మట్టి తడిగా వచ్చింది. మా అత్త ఆ తడిమట్టి ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

నువ్వు రాలేదు. వచ్చినట్టే ఉంది.

నీ
ప్రసూన


ప్రొద్దుటూరు,
జూన్ 3.

పాపా ప్రసూనా,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. జవాబు రాసేలోపే ఒక సంగతి జరిగింది. నీకు తెలుసో లేదో, నీకు చెప్పకుండా వచ్చారో.

మొన్న ఆదివారం పదకొండు గంటలప్పుడు, ఆస్మా అంగడికి పోయి ఉంది. తలుపు దగ్గర నీడ పడితే చూశాను. తలగుడ్డ కట్టిన ఒక పెద్దాయన, వెనక ఒకామె. ఆయన పెదవులు ఆడుతున్నాయి. చెవి మీద చెయ్యి పెట్టి, వినపడదని చూపించాను. ఆయన గట్టిగా అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. నాకు ఒక్క ముక్క కూడా వినపడలేదు.

ఆయన ఆమె వైపు చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి వీధిలో నిలబడి, కొండ మీద మందను పిలిచినట్టు, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి అరిచాడు.

నాకు అప్పటికీ వినపడలేదు. కానీ చూశాను. ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నామె చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వీధి చివర సైకిలు షాపు వాళ్లు బయటికి వచ్చారు. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అరిచాడు. తొమ్మిదేళ్లుగా నేను తల దించుకుని నడిచిన వీధి అది.

ఆస్మా వీధి చివర నుంచే విని పరిగెత్తుకుంటూ వచ్చింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. కాగితం తీసి ఆయన అన్నది అన్నట్టు రాసి చూపించింది:

"అమ్మా, ఎండలో మున్నూరు మందికి అన్నం బెట్టిన తల్లివి నువ్వే గదా! నేను లింగాల కాడి పుల్లన్నను! ఈమె మా మరదలు సుంకులమ్మ! నీ చేతి కూడు తిందామని వచ్చినాం!"

రెండోసారి అరిచింది కూడా అదేనట, ఇంకొంచెం గట్టిగా.

నేను లోపలికి పోయి పొయ్యి వెలిగించాను. ఇంట్లో ఉన్నవి గుడ్లు, చింతపండు, బియ్యం. గుడ్లపులుసు పెట్టి, అన్నం వార్చాను. మీ అత్త అడగకుండానే నా పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరిగింది. పొగలు పొయ్యే అన్నం వడ్డించాను. ఆ పెద్దాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు.

వాళ్లు తింటుండగా ఎదురింటామె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఈ తొమ్మిదేళ్లలో మా ఇంటి వంట ముట్టని మనిషి. చేతిలో ఖాళీ గిన్నె ఉంది. ఏదో అంది, నాకు వినపడలేదు.

గిన్నె నిండా పెట్టి పంపించాను.

నీ పెద్దమ్మ
ఖమర్‌బీ